పికిలింగ్ తొట్టి అడుగున పేరుకునే పచ్చటి అన్నభేదిని ఏం చేయాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. విజయవాడ పక్కన సూరంపల్లిలో వైరు లాగే చిన్న యూనిట్ నడుపుతున్న ఒకరు అడిగారు: "వైర్ రాడ్ మీద పొక్కు (ఇనుప ఆక్సైడ్ పొర) పోవడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలో ముంచుతాం, దాన్నే పికిలింగ్ అంటాం. పది రోజులకోసారి వెయ్యి లీటర్ల దాకా వాడేసిన యాసిడ్ మిగులుతుంది. చలికాలంలో తొట్టి అడుగున పచ్చటి పలుకులు కడతాయి. అది అన్నభేదే అంటున్నారు. రైతులకు అమ్మవచ్చా? కాల్చి రెడాక్సైడ్ (ఎర్ర రంగుపొడి) చేయవచ్చా? లేక సున్నం వేసి వదిలించుకోవడమే దారా?"

సూటిగా చెబుతాను. అవునండీ, అది అన్నభేదే, అంటే ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్. మీ స్థాయికి సరైన పని ఒకటే: వాడేసిన యాసిడ్‌ను చల్లబరిచి పలుకులు తీసేయండి, మిగిలిన ద్రావణాన్ని మళ్లీ తొట్టిలోనే వాడుకోండి. పలుకుల్ని వ్యర్థజలాల శుద్ధికి వాడే యూనిట్లకు ఇవ్వవచ్చు. రైతులకు నేరుగా అమ్మకండి. కాల్చే ఆలోచన పూర్తిగా మానండి. సున్నం వేయడం చివరి దారి, అది ఎంత ఖరీదైన దారో కింద లెక్క ఉంది.

అన్నిటికంటే ముందు మీ తొట్టిలో ఏ యాసిడ్ ఉందో నిర్ధారించుకోండి. చాలా చోట్ల హైడ్రోక్లోరిక్ వాడుతూ "యాసిడ్" అని మాత్రమే అంటారు. దానిలో వచ్చేది ఫెర్రస్ క్లోరైడ్. అది ఇంత సులువుగా పలుకులు కట్టదు, దాని దారి పూర్తిగా వేరు. కొన్నాళ్లు ఇది, కొన్నాళ్లు అది పోసిన తొట్టి అయితే కింద చెప్పిన అంకెలేవీ కుదరవు. కొద్దిగా ద్రావణాన్ని బాగా పలుచన చేసి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయండి. పెరుగులా తెల్లగా విరిగితే క్లోరైడ్ ఉన్నట్టు.

లెక్క ఇలా ఉంటుంది. పనికి రాదని పక్కన పెట్టే సల్ఫ్యూరిక్ తొట్టిలో మామూలుగా లీటరుకు 100 గ్రాముల దాకా ఇనుము, 50 గ్రాముల దాకా ఇనుముతో ఇంకా కలవని యాసిడ్ ఉంటాయి. అంటే వెయ్యి లీటర్లలో 100 కిలోల ఇనుము, ఫెర్రస్ సల్ఫేట్‌గా చూస్తే 272 కిలోలు. దానితోపాటు ఇంకా పని చేయగల 50 కిలోల యాసిడ్. మీరు పారబోస్తున్నది ఈ 50 కిలోల్ని కూడా. ఇక్కడ బోమే హైడ్రోమీటరును (సాంద్రత చూపే, ద్రావణంలో తేలే గాజు గొట్టాన్ని) నమ్మకండి. యాసిడ్ తగ్గుతున్నా ఇనుము పెరిగేకొద్దీ సాంద్రత పెరుగుతూనే ఉంటుంది కాబట్టి దాని గీత చూసి "యాసిడ్ బాగానే ఉంది" అనుకుంటారు. ఇనుమును, యాసిడ్‌ను రెంటినీ విడివిడిగా టైట్రేషన్ (తెలిసిన ద్రావణాన్ని చుక్కలుగా పోసి ఎంత పట్టిందో చూసే కొలత) చేయాల్సిందే.

ఫెర్రస్ సల్ఫేట్ కరుగుదల ఉష్ణోగ్రతతో బాగా మారుతుంది. వంద గ్రాముల మంచినీటిలో 50 డిగ్రీల దగ్గర సుమారు 48 గ్రాములు (నీరు లేని ఉప్పుగా లెక్కిస్తే), 30 దగ్గర 33, 20 దగ్గర 26, 10 దగ్గర 20 గ్రాములు కరుగుతుంది. యాసిడ్ ఉన్న ద్రావణంలో ఇంకాస్త తక్కువే కరుగుతుంది, అది మనకు లాభం. చలికాలం తెల్లవారుజామున మీ తొట్టి అడుగున పలుకులు కట్టడానికి, మేలో ఒక్కటి కూడా కనబడకపోవడానికి కారణం ఇదే. బెజవాడ ఎండల్లో నీడలోని నీరు కూడా వెచ్చగానే ఉంటుంది, ఆ వేడిలో మీ ద్రావణం నుంచి దాదాపు ఏమీ బయటికి రాదు. కూలింగ్ టవర్ కూడా చాలదు. ఏడాది పొడవునా చేయాలంటే చిల్లర్ (ద్రవాన్ని చల్లబరిచే యంత్రం) తప్పదు.

చిల్లర్ అనగానే పెద్ద ఖర్చని భయపడనక్కర్లేదు. వాడేసిన యాసిడ్‌ను రాత్రంతా వదిలేస్తే 60 నుంచి 40 డిగ్రీలకు దానంతటదే దిగుతుంది. అక్కడి నుంచి 10 డిగ్రీలకు దించడానికి, పలుకులు కట్టేటప్పుడు వెలువడే వేడి కూడా కలిపి, వెయ్యి లీటర్లకు సుమారు 35,000 కిలోక్యాలరీలు తీసేయాలి. ఒక టన్ను చిల్లర్ గంటకు మూడు వేల కిలోక్యాలరీలు తీస్తుంది. నష్టాలు కూడా కలుపుకుంటే 2 టన్నుల చిల్లర్ ఎనిమిది గంటలు నడిస్తే సరిపోతుంది, కరెంటు ఇరవై యూనిట్ల చుట్టుపక్కల అవుతుంది. పది రోజులకోసారి చేసే పనికి ఇది భారం కాదు.

10 డిగ్రీలకు దింపితే దాదాపు 230 కిలోల అన్నభేది పలుకులు వస్తాయి. ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. ఈ పలుకుల బరువులో 45 శాతం నీరే. 230 కిలోల పలుకులు వంద కిలోలకు పైగా నీటిని తమతో తీసుకుపోతాయి కాబట్టి మిగిలిన ద్రావణంలో యాసిడ్ కాస్త చిక్కబడుతుంది. ఇనుము మాత్రం సున్నాకు రాదు, లీటరుకు 60 గ్రాముల దగ్గర ఆగుతుంది. దానికి కొత్త యాసిడ్ కలిపి తొట్టిలో పోస్తే ఇనుము 60 నుంచి 100 గ్రాములకు పెరిగే వరకు మళ్లీ పని చేస్తుంది. అంటే కొత్త యాసిడ్ నింపినప్పుడు ఎంతకాలం నడిచేదో అంతకాలం నడవదు, చల్లబరిచే వంతు కాస్త త్వరగా వస్తుంది. దానికి సిద్ధపడండి.

ఇక పని చేసే తీరు. చల్లబరిచే తొట్టి ఎఫ్ఆర్‌పీ (గాజు నారతో గట్టిపరిచిన ప్లాస్టిక్) లేదా పాలీప్రొపిలీన్‌ది అయి ఉండాలి, లోపలి కాయిల్ ఎస్ఎస్ 316 ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయితే ఈ చల్లటి పలుచని యాసిడ్‌కు నిలుస్తుంది. మామూలు ఇనుప కాయిల్ వారాల్లోనే చిల్లులు పడుతుంది. కలిపే రెక్క నిమిషానికి 30–40 చుట్లు తిరిగితే చాలు. తొందరపడి గబగబా చల్లబరిస్తే పలుకులు ఇసుకలా సన్నగా వస్తాయి, వాటి మధ్య యాసిడ్ చిక్కుకుని ఎంత కడిగినా వదలదు. గంటకు 3–4 డిగ్రీల చొప్పున దించండి. 30 డిగ్రీలకు వచ్చినప్పుడు వెనకటి బ్యాచ్ పలుకులు కిలో రెండు కిలోలు విత్తనంగా చల్లండి. అప్పుడు పలుకు కళ్లుప్పు రాయిలా పెరుగుతుంది. కాయిల్‌లో తిరిగే చల్లటి ద్రవానికి, తొట్టి ద్రావణానికి తేడా ఎప్పుడూ ఏడెనిమిది డిగ్రీలకు మించనీయకండి. మించితే పలుకులన్నీ కాయిల్ చుట్టూ పచ్చటి పెంకులా అతుక్కుపోతాయి. ఆపైన చిల్లర్ ఎంత తిరిగినా తొట్టి చల్లబడదు. "చిల్లర్ చెడిపోయింది" అని మెకానిక్‌ను పిలిచే సందర్భాల్లో ఎక్కువ ఇవే.

తర్వాత పలుకుల్ని బాస్కెట్ సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిరిగి ద్రావణాన్ని విదిలించే చిల్లుల బుట్టలో) వేయండి. అది తిరుగుతుండగానే 25–30 లీటర్ల చల్లటి నీళ్లు చిమ్మి కడగండి. కొంచెం అన్నభేది కరిగిపోతుంది, పర్లేదు, ఆ కడిగిన నీరు మళ్లీ తొట్టిలోకే. మామూలు కుళాయి నీళ్లతో, అదీ వేసవిలో, కడిగితే మాత్రం చేతికొచ్చిన పంట కళ్లముందే కరిగిపోతుంది.

ఆరబెట్టేటప్పుడు వేడి 40–45 డిగ్రీలు దాటకూడదు. అరవై డిగ్రీల చుట్టుపక్కలకు వస్తే ఈ పలుకు తనలోని నీటిలోనే కరిగి ముద్దవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద పరిచినా ఆ ప్రమాదం ఉంది. ఆరిన సరుకును చూసి చాలా తెలుసుకోవచ్చు. లేత పచ్చగా, గాజులా మెరుస్తుంటే బాగున్నట్టు. పైన తెల్లటి పిండి పట్టిందంటే నీరు పోయింది, అది దోషం కాదు, ఇనుము శాతం పెరుగుతుంది కూడా. పసుపు, గోధుమ రంగు మచ్చలు వస్తున్నాయంటే గాలి తగిలి ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతోందని అర్థం, అది దోషమే. లోపల ప్లాస్టిక్ సంచి ఉన్న బస్తాల్లో మూతి బిగించి, చెక్క పలకల మీద పెట్టండి. వానాకాలంలో నేల మీద పెట్టిన బస్తా నెల తిరిగేసరికి రాయైపోతుంది.

సరుకు ఎంత గట్టిదో మీ దగ్గరే చూసుకోవచ్చు. ఒక గ్రాము పలుకుల్ని పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీటిలో కరిగించి, 0.1 నార్మల్ పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేయండి. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిచిన చోట ఆపాలి. స్వచ్ఛమైన అన్నభేదికి 36 మిల్లీలీటర్లు పడుతుంది, ఎందుకంటే దానిలో ఇనుము 20.1 శాతం. 34 పడితే 19 శాతం. 30కి దిగువన ఉంటే తడి ఎక్కువైనా ఉండాలి, ఫెర్రిక్‌గానైనా మారి ఉండాలి. క్లోరైడ్ ఉన్న సరుకులో ఈ పద్ధతి తప్పు చూపిస్తుంది.

మలినాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "పలుకు కట్టింది కాబట్టి స్వచ్ఛమే" అనుకుంటారు. జింకు, నికెల్, మాంగనీసు, మెగ్నీషియం సల్ఫేట్లు అన్నభేది పలుకులోనే ఇనుము స్థానంలో కూర్చోగలవు. రెండోసారి కరిగించి మళ్లీ పలుకు కట్టించినా పూర్తిగా పోవు. కాబట్టి వాటిని తొట్టిలోకి రానివ్వకపోవడమే అసలు శుద్ధి. గాల్వనైజ్ చేసిన (జింకు పూత ఉన్న) తిరుగు సరుకును ఈ తొట్టిలో ముంచకండి. స్టెయిన్‌లెస్ ముక్కలు పడనీయకండి. రాగి మాత్రం సులువు: శుభ్రమైన ఇనుప చుట్టలు రాత్రంతా వేసి ఉంచితే రాగి వాటి మీద ఎర్రగా పేరుకుని ద్రావణం నుంచి పోతుంది. గోధుమ రంగుకు తిరిగిన ద్రావణం కూడా అలాగే మళ్లీ పచ్చబడుతుంది.

అలాగని యాసిడంతా చచ్చేదాకా తుక్కు ఇనుము వేయాలనుకునేవారు ఒక లెక్క చూడాలి. లీటరుకు 50 గ్రాముల యాసిడ్ ఉన్న వెయ్యి లీటర్లను ఇనుముతో చంపడానికి సుమారు 28 కిలోల తుక్కు పడుతుంది, దాని వెంట 12 ఘనపు మీటర్లకు పైగా హైడ్రోజన్ వస్తుంది. మూత వేసిన తొట్టి పక్కన వెల్డింగ్ నిప్పురవ్వ పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. యాసిడ్‌లో గానీ తుక్కులో గానీ ఆర్సెనిక్ ఉంటే ఆర్సీన్ అనే ప్రాణాంతకమైన వాయువు కూడా పుడుతుంది. ఈ పని ఆరుబయట, మూత లేకుండా, శుభ్రమైన తుక్కుతోనే చేయాలి. మీలాగా ద్రావణాన్ని తిరిగి వాడుకునేవారికి దీని అవసరమే లేదు.

తిప్పి తిప్పి వాడుతుంటే మాంగనీసు, ఇన్హిబిటర్ (యాసిడ్ మంచి ఇనుమును తినకుండా కలిపే మందు) మిగుళ్లు పేరుకుంటాయి. కొన్నిసార్లు చల్లబరిచి వాడాక ఒకసారి ద్రావణంలో పదో వంతును బయటికి తీసేయండి. సున్నం దానికే పరిమితం కావాలి.

ఇప్పుడు సున్నం లెక్క. పిడుగురాళ్ల సున్నం మనకు దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి అందరికీ మొదట తట్టేది అదే. మీ వెయ్యి లీటర్లకు 170 కిలోల తడిపిన సున్నం పడుతుంది. దాని వల్ల 400 కిలోల జిప్సం, 190 కిలోల ఇనుప హైడ్రాక్సైడ్ కలిసిపోయి వస్తాయి. ఫిల్టర్ ప్రెస్ నుంచి దిగే బురద సగానికి సగం నీరే కాబట్టి బరువు 1,200 కిలోలు. వెయ్యి లీటర్లు వదిలించుకోబోతే టన్నుకు పైగా బురద నెత్తిన పడింది. ఆ కలగలుపును జిప్సంగా ఎవరూ కొనరు, రంగుగానూ కొనరు. విశాఖ దగ్గర పరవాడ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి లారీ ఖర్చు, పూడ్చే రుసుము కట్టి పంపాలి.

కొనేవారెవరు? దగ్గరి వినియోగం క్రోమ్ ప్లేటింగ్ చేసే యూనిట్ల వ్యర్థజలం. విషపూరితమైన ఆరు వేలెన్సీ క్రోమియంను అన్నభేది మూడు వేలెన్సీకి దించుతుంది, తర్వాత సున్నంతో పీహెచ్ 8.5కు తెస్తే అడుగుకు దిగుతుంది. కిలో క్రోమియంకు లెక్క ప్రకారం 16 కిలోల అన్నభేది కావాలి, పీహెచ్ 3 లోపల ఉండాలి. వాళ్లకు ముందే చెప్పాల్సిన లోపం ఒకటుంది: ఇనుము కూడా బురదలోకి చేరుతుంది కాబట్టి కిలో క్రోమియంకు, సున్నం వల్ల వచ్చే జిప్సం కాక, ఎండు బురద 8 కిలోల దాకా వస్తుంది. సోడియం బైసల్ఫైటు అనే మరో రసాయనంతో చేస్తే రెండు కిలోలే. అన్నభేది చవకని వేసుకుని బురద చూసి గొడవకు వచ్చేకంటే ముందే చెప్పడం మేలు. రంగునీళ్ల శుద్ధిలో ఫెంటన్ పద్ధతికి (ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి రంగును విరగ్గొట్టడం), మురుగులో, బయోగ్యాస్‌లో కుళ్లిన గుడ్ల వాసన వాయువును కట్టడానికి కూడా ఇదే సరుకు పనికొస్తుంది. తాగునీటి శుద్ధికి మాత్రం ఈ సరుకు ఇవ్వకండి.

ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే ఫెర్రిక్ సల్ఫేట్ ద్రావణం. నీటిని తేర్చడానికి అది ఇంకా బాగా పనిచేస్తుంది. 278 కిలోల అన్నభేదికి 49 కిలోల సల్ఫ్యూరిక్ యాసిడ్, 50 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 34 కిలోలు. పెరాక్సైడును సన్నటి ధారగా, కలుపుతూ, చల్లబరుస్తూ పోయాలి. ఒక్కసారిగా పోస్తే పొంగి మీదికి చిమ్ముతుంది. తొట్టిని సగానికి మించి నింపకండి, ఆవిరి పోయే దారి ఎప్పుడూ తెరిచి ఉంచండి.

రెడాక్సైడ్ గురించి. టన్ను అన్నభేదిని 700 డిగ్రీల దగ్గర కాలిస్తే 287 కిలోల ఎర్ర ఆక్సైడ్ వస్తుంది. దానిలోని 115 కిలోల గంధకం అంతా సల్ఫర్ డయాక్సైడ్, ట్రయాక్సైడ్ వాయువులుగా గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ వాయువును పట్టి మళ్లీ యాసిడ్ చేసే ప్లాంటు పక్కనే ఉన్నవారికే ఇది సాధ్యం. చిన్న బట్టీ పెట్టి కాల్చడమంటే చుట్టుపక్కల ఊళ్ల ఊపిరితిత్తుల మీద, పంటల మీద ఆ విషాన్ని వదలడమే.

రంగు చేయాలంటే తడి పద్ధతి ఉంది. అన్నభేది ద్రావణానికి కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగా చేర్చి, 35 డిగ్రీలు దాటనీయకుండా గాలి ఊదితే ముందు ముదురాకుపచ్చ ముద్ద, తర్వాత పసుపు విత్తనం (రంగు పెరగడానికి మూలమైన సన్నటి రేణువులు) వస్తుంది. దాన్ని 75–85 డిగ్రీల దగ్గర, పీహెచ్ 3–4లో, తుక్కు ఇనుము మీద రెండు మూడు రోజులు గాలి ఊదుతూ పెంచితే పసుపు ఆక్సైడ్. దాన్ని కాలిస్తే ఎరుపు, అప్పుడు పోయేది నీటి ఆవిరే. విత్తనం చేసేటప్పుడు వేడి పెరిగితే రంగు నల్లబడుతుంది, ఆ బ్యాచ్ ఇక పసుపు కాదు. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. తుక్కు పద్ధతిలో రంగులోని ఇనుము ఎక్కువగా తుక్కు నుంచే వస్తుంది, సల్ఫేట్ తిరుగుతూ ఉంటుందంతే. కాబట్టి మీ వ్యర్థం పెద్దగా ఖర్చవదు. కాస్టిక్‌తోనే మొత్తం చేస్తే ఖర్చవుతుంది గానీ కిలో రంగుకు 0.9 కిలోల కాస్టిక్ పోయాలి, 1.6 కిలోల సోడియం సల్ఫేట్ నీళ్లలో మిగులుతుంది. ఆ ఉప్పునీళ్లను కాలువలోకి వదిలే వీల్లేదు. పది రోజులకు 230 కిలోల సరుకుతో ఇది గిట్టదు.

బ్యాటరీలకు వాడే ఐరన్ ఫాస్ఫేట్‌ను చైనాలో టైటానియం డయాక్సైడ్ ఫ్యాక్టరీల అన్నభేది నుంచి పెద్దఎత్తున చేస్తున్నారు. మలినాలు మిలియన్ భాగాల లెక్కలో చూసే వ్యాపారం అది, పికిలింగ్ సరుకుకు అందదు.

రైతుల సంగతి. గుంటూరు, కృష్ణా నల్లరేగడి నేలల్లో ఇనుపధాతు లోపం నిజమే. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో తెల్లబడుతుంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమని చెప్పేది అందుకే. అయితే ఆ అన్నభేది 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇనుము 19 శాతం, గంధకం 10.5 శాతం తగ్గకుండా, సీసం, ఇనుముతో కలవని యాసిడ్ పరిమితుల్లో ఉండాలి. తయారుచేసేవారికి వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి. అవి లేకుండా బస్తా అమ్మడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, సరిగా కడగని సరుకులోని యాసిడ్‌కు మిర్చి లేతాకు ఒక్క పిచికారీతో మాడిపోతుంది. నికెల్, క్రోమియం అయితే పొలంలో ఉండిపోతాయి, తీసేయడం ఎవరి తరమూ కాదు. లైసెన్సున్న సూక్ష్మపోషకాల తయారీదారు ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించి తీసుకుంటానంటే, కాలుష్య మండలి అనుమతి ఉంటే, అప్పుడు ఇవ్వండి.

కాగితాల పని తప్పించుకోలేరు. వాడేసిన పికిలింగ్ ద్రావణం 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ఒకటో షెడ్యూలులో ఉంది. ఫారం 1తో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి, ఫారం 3 రిజిస్టరు రాయాలి, 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు, బయటికి వెళ్లే ప్రతి లోడుకూ ఫారం 10 మ్యానిఫెస్టు ఉండాలి. వేరే యూనిట్ దాన్ని ముడిసరుకుగా వాడాలంటే 9వ నిబంధన కింద ఆ యూనిట్‌కూ అనుమతి కావాలి. "మేం పట్టుకెళ్తాం, మీరు ఏమీ రాయనక్కర్లేదు" అనే ట్యాంకర్‌వాళ్లకు ఇవ్వకండి. అది ఏ కాలువలో తేలినా దాని పుట్టుక మీ తొట్టే.

డబ్బు పెట్టే ముందు ఒక లీటరుతో చూడండి. వాడేసిన యాసిడ్‌ను మందపాటి ప్లాస్టిక్ సీసాలో, తినే వస్తువులేవీ పెట్టని పాత ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచి, ఉదయం గుడ్డలో వడకట్టి తూచండి. 200 నుంచి 250 గ్రాముల పలుకులు వస్తే ఇనుము లీటరుకు 100 గ్రాముల దగ్గరుంది, చిల్లర్ పెట్టుకోవచ్చు. నూరూ నూటయాభై మధ్య వస్తే 80 దగ్గరుంది, తొట్టిని ఇంకొన్నాళ్లు వాడవచ్చు. దాదాపు ఏమీ రాకపోతే ఇనుము 60 కూడా దాటలేదు, మీరు బాగున్న యాసిడ్‌నే పారబోస్తున్నారు. ఆ పలుకుల్లో వంద గ్రాములు తీసి జింకు, నికెల్, క్రోమియం, సీసం, కాడ్మియం పరీక్షకు గుర్తింపు పొందిన ల్యాబుకు పంపండి. ఆ రిపోర్టులోని అంకెలు రాస్తే ఎవరికి ఇవ్వవచ్చో కచ్చితంగా చెబుతాను.